అక్రిలిక్ సామాన్లు పగిలితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అక్వేరియంలకు వాడే అక్రిలిక్ (గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్) సంప్‌లు (ట్యాంకు కింద ఉండే నీటి తొట్టెలు), స్కిమ్మర్లు (నీటిలోని మురికిని నురుగుగా తీసే పరికరాలు), ఓవర్‌ఫ్లో బాక్సుల (ట్యాంకు పైనీటిని కిందికి దించే పెట్టెలు) గురించే. అందుకని శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా అక్వేరియం కింద ఉన్న అక్రిలిక్ సంప్ పొడవు 90 సెంటీమీటర్లు, పలక మందం 6 మిల్లీమీటర్లు. లోపల నీళ్లు 30 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. ముందు పలకలో కింది అంచు నుంచి పైకి దాదాపు 12 సెంటీమీటర్ల పగులు వచ్చి, నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి. దీన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చా, పారేయాల్సిందేనా?

జవాబు: బాగుచేసుకోవచ్చు. పగులు అడుగు పలకలోకి పాకలేదని ముందు రూఢి చేసుకోండి. అడుగు పలక కూడా చీలి ఉంటే ఆ సంప్ మీద శ్రమ పెట్టడం దండగ.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అక్రిలిక్‌ని అతికించే పల్చటి సాల్వెంట్ మామూలు జిగురులాగా రెండు ముక్కల మధ్య పొరగా నిలవదు. రెండు ముఖాలనూ పైపైన కరిగించి, కలిసిపోయేలా చేసి, తాను ఆవిరైపోతుంది. కాబట్టి ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోటే అతుకు పడుతుంది. ఖాళీ ఉన్నచోట ఎంత పోసినా ఏమీ మిగలదు. తడి, ఉప్పు, జిడ్డు ఉన్నచోట కూడా పట్టదు.

సంప్ ఖాళీ చేసి మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. ఉప్పునీటి అక్వేరియం అయితే పగులు లోపల ఉప్పు పలుకులు పేరుకుని ఉంటాయి. గోరువెచ్చని నీళ్లు పగులు గుండా కాసేపు పారనిస్తే అవి కరిగిపోతాయి. తర్వాత ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరనివ్వండి. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. ఒక్కచోటే వేడి తగిలితే పలకలో ఒత్తిడి పెరిగి పగులు ఇంకాస్త సాగుతుంది. అక్రిలిక్ తన బరువులో కొంత నీటిని పీల్చుకునే పదార్థం, అందుకే పైన తుడిస్తే సరిపోదు, రెండు రోజులు కావాలి.

ఇప్పుడు పగులు కొస ఎక్కడుందో వెతకాలి. గది చీకటి చేసి టార్చి వెలుతురు పక్కవాటుగా కొట్టండి. మామూలు వెలుతురులో కనిపించే కొసకు ఇంకో రెండు మూడు మిల్లీమీటర్ల అవతల సన్నటి మెరుపు గీత దొరుకుతుంది. అసలు కొస అదే. అక్కడ 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. పగులు ముందుకు సాగేది దాని వాడి మొన దగ్గర ఒత్తిడంతా పోగవడం వల్ల. మొన గుండ్రటి రంధ్రంలో ముగిస్తే ఆ ఒత్తిడి చుట్టూ పరుచుకుని పగులు ఆగుతుంది. ఈ మెట్టు వదిలేసి నేరుగా సాల్వెంట్ పోస్తే, పోస్తుండగానే పగులు కళ్లముందే పైకి పాకే ప్రమాదం ఉంది.

లోహానికి వాడే డ్రిల్ బిట్ అక్రిలిక్‌లో దిగగానే పట్టేసి ముక్కను చిట్లగొడుతుంది. బిట్ కోసే అంచులను సానరాయి మీద కాస్త రుద్ది వాడి తగ్గించండి, లేదా ప్లాస్టిక్ కోసమే చేసిన బిట్ తెచ్చుకోండి. పలక వెనక చెక్క ఆనించి, తక్కువ వేగంలో, నొక్కకుండా దించండి. బిట్ అవతలికి పొడుచుకువచ్చే చివరి క్షణంలోనే పలక చిట్లుతుంది, అక్కడ మరీ నెమ్మదిగా పోవాలి.

తర్వాత మాసిక. 6 మిల్లీమీటర్ల కాస్ట్ (అచ్చులో పోసి చేసిన) అక్రిలిక్ ముక్క తీసుకుని పగులు కన్నా పక్కలకూ పైకీ 30 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా కోయండి. మీ కొలతకు 60 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల ఎత్తు సరిపోతుంది. పై మూలలను గుండ్రంగా అరగదీయండి, పదునైన మూల ఉంటే అక్కడే కొత్త పగులు పుడుతుంది. కింది అంచు అడుగు పలకకు సరిగ్గా ఆనాలి. మాసిక సంప్ లోపలి వైపే వేయాలి. లోపల వేస్తే నీటి బరువు దాన్ని గోడకు అదుముతుంది. బయట వేస్తే పగులు గుండా వచ్చిన నీరు దాన్ని ఊడదీయడానికే నెడుతూ ఉంటుంది.

పగిలిన పలక కిందికి వచ్చేలా సంప్‌ని పడుకోబెట్టండి. సూది ఉన్న పాలిథీన్ సీసాతో పల్చటి సాల్వెంట్‌ను పగులు పొడవునా చుక్కచుక్కగా వదిలితే అదే లోపలికి పీల్చుకుంటుంది. పగులు రెండు అంచులూ ఎత్తుపల్లాలు లేకుండా ఒకే మట్టంలో ఉన్నాయా అని వేలితో తడిమి చూసుకున్నాకే ఈ పని చేయండి. పావుగంట ఆగి, కొస దగ్గర వేసిన రంధ్రంలో చిక్కటి అక్రిలిక్ సిమెంట్ నింపి, ఆరాక పైకి ఉబ్బిన భాగాన్ని బ్లేడుతో చదును చేయండి. ఆపైన మాసికను దాని చోట ఉంచి నాలుగు అంచుల చుట్టూ సూదితో సాల్వెంట్ అందించండి. అంచు నుంచి లోపలికి ఒక సెంటీమీటరు వరకు నీడలా పాకడం కనిపిస్తుంది. మధ్యలో అక్కడక్కడా గాలి మిగిలినా ఫరవాలేదు, చుట్టూ ఆ వలయం తెగకుండా ఉండడమే ముఖ్యం. పైన కిలో బరువు పెడితే చాలు. ఇంకా బరువు పెడితే మెత్తబడిన అక్రిలిక్ పక్కలకు చిమ్మి అతుకు పల్చబడుతుంది. చివరగా మాసిక అడుగు పలకను కలిసే మూలలో 10 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ ఒకటి పొడుగ్గా అతికిస్తే ఆ బలహీనమైన మూల గట్టిపడుతుంది.

ఒక రోజు కదపకండి. మూడు రోజులయ్యాక కింద పొడి కాగితం పరిచి, మూడో వంతు నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచండి. కాగితం పొడిగా ఉంటే పూర్తిగా నింపి ఇంకో రోజు చూడండి. పల్చటి సాల్వెంట్ అతుకు గంటల్లోనే గట్టిపడినట్టు అనిపిస్తుంది గానీ లోపల చిక్కుకున్న సాల్వెంట్ పూర్తిగా పోయి అసలు బలం రావడానికి వారాలు పడుతుంది.

ఇంత చేశాక కూడా పగులు ఎందుకొచ్చిందో చూడకపోతే పక్కనే ఇంకోటి వస్తుంది. మీ ముందు పలకను నీరు నెట్టే బలం దాదాపు 40 కిలోలు. ఆ పలక మందానికి అది మోయలేనంత బరువేమీ కాదు. అందుకే మా అనుమానం వేరేచోట ఉంది. సంప్ కింద ఇసుక రేణువో, చెక్క ఎగుడుదిగుడో ఉందా? రిటర్న్ పంపుకు (నీటిని తిరిగి ట్యాంకులోకి ఎక్కించేది) బిగించిన గట్టి పైపు గోడను లాగుతోందా? పైన అడ్డపట్టీ లేక పలక బయటికి ఉబ్బుతోందా? నీళ్లు నింపి, పొడవాటి స్కేలు పలక మీద అడ్డంగా ఆనించి చూడండి. మధ్యలో ఉబ్బు 3 మిల్లీమీటర్లు దాటితే పై అంచున అడ్డపట్టీ తప్పనిసరి. సంప్ అడుగు మొత్తం చదునైన ప్లైవుడ్ మీద ఆనాలి, నాలుగు మూలల మీద నిలబడకూడదు.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, అక్వేరియం సిలికాన్ పూస్తే కారడం ఆగదా?

జవాబు: నాలుగు రోజులు ఆగుతుంది. సిలికాన్ గాజుకు గట్టిగా పట్టుకుంటుంది, అక్రిలిక్‌కు పట్టుకోదు. అంచు దగ్గర గోటితో లేపితే పట్టీలా ఊడివస్తుంది. పైగా ఆ చోట సిలికాన్ పల్చటి పొరగా మిగిలిపోయి, తర్వాత అసలు సాల్వెంట్ పట్టకుండా చేస్తుంది. ఇప్పటికే పూసి ఉంటే బ్లేడుతో గీకి, 320 నంబరు ఎమరీ కాగితంతో కొత్త అక్రిలిక్ బయటపడేదాకా రుద్దాలి. ఎపాక్సీ కూడా అక్రిలిక్ మీద నమ్మదగింది కాదు, కాస్త వంగగానే పెచ్చులా లేచిపోతుంది. సూపర్ గ్లూ చిన్న ముక్కలకు పనికొస్తుంది గానీ పెళుసు. చుట్టూ తెల్లటి పొగ పొర వదులుతుంది, ఒత్తిడి ఉన్నచోట సన్నటి బీటలు కూడా తెప్పిస్తుంది.

ప్రశ్న: అంగడిలో రకరకాల అక్రిలిక్ సిమెంట్లు చూపించారు. ఒకటి నీళ్లలా ఉంది, ఒకటి చిక్కగా ఉంది, ఇంకోటి రెండు భాగాలు కలుపుకోవాలట. ఏది దేనికి?

జవాబు: నీళ్లలా ఉండేది, వెల్డ్-ఆన్ బ్రాండులో 3, 4 నంబర్ల లాంటివి, ఖచ్చితంగా ఆనే అతుకులకు. ఎక్కువ మంది వాడే డైక్లోరోమీథేన్ కూడా ఈ కోవలోదే. 3 చాలా తొందరగా పట్టేస్తుంది, 4 కాస్త వ్యవధి ఇస్తుంది కాబట్టి కొత్తగా చేసేవారికి 4 మేలు. చిక్కగా ఉండేది, వెల్డ్-ఆన్ 16 లాంటిది, సాల్వెంట్‌లో ముందే కరిగించిన అక్రిలిక్ కలిసి ఉంటుంది. అంచులు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా నింపుతుంది, మూలల్లో పట్టీలా పూయడానికి పనికొస్తుంది. పీవీసీ ముక్కను అక్రిలిక్‌కు అతికించేటప్పుడు కూడా ఇదే వాడండి. రెండు భాగాలది, వెల్డ్-ఆన్ 40 లాంటిది, ఆవిరై ఆరదు, రసాయనిక చర్యతో గట్టిపడుతుంది. అందువల్ల పెద్దగా కుంచించుకుపోదు. ఖాళీలున్న అతుకులకు, మందమైన పలకలకు ఇదే సరైనది. కలిపిన తర్వాత తక్కువ వ్యవధిలోనే వాడేయాలి.

చిక్కటిది ఇంట్లోనే చేసుకోవచ్చు. రక్షణ కాగితం తీసేసిన అక్రిలిక్ తురుము 10 గ్రాములు గాజు సీసాలో వేసి, 100 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్ పోసి, మూత బిగించి ఒక రాత్రి వదిలేయండి. తేనె చిక్కదనం రాకపోతే ఇంకాస్త తురుము కలపండి. అయితే ఇది ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. ఒకేసారి మందంగా పూస్తే లోపల బుడగలు చిక్కుతాయి. పల్చగా పూసి, ఆరాక మళ్లీ పూయండి.

ప్రశ్న: స్కిమ్మర్ కప్పు మెడ దగ్గర రెండు ముక్కలైంది. కడగడానికి తిప్పి లాగుతుంటే విరిగింది. ముక్కలు చక్కగా కలుస్తున్నాయి.

జవాబు: ముక్కలు కలవడం మంచి సూచన. విరిగిన అంచులను ఎమరీ కాగితంతో రుద్దకండి. విరిగినచోటి గరుకులే ఒకదానిలో ఒకటి కూర్చుని సరిగ్గా అతుక్కుంటాయి, రుద్దితే ఖాళీ వస్తుంది. మెడ లోపల పేరుకునే మురికిలో జిడ్డు ఉంటుంది కాబట్టి గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, మంచినీళ్లతో తొలిచి, ఒక రోజు ఆరబెట్టండి. తెల్లటి సున్నపు పొర ఉంటే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గంటసేపు నానబెడితే పోతుంది.

ముక్కలు కలిపి పట్టుకుని, బయట రెండు మూడు చోట్ల టేపు వేయండి. టేపు అతుకు గీతకు తగలకూడదు, సాల్వెంట్ టేపు కిందికి పాకితే దాని జిగురు కరిగి మరక పడుతుంది. టేపు ముక్కలను అతుకు మీద వంతెనలా లేపి, అంచులే అంటించండి. సూదిని బయటి నుంచి గీతకు ఆనించి చుట్టూ ఒకసారి తిరగండి. ఒక అరనిమిషం ఆగి ముక్కలను మెల్లగా ఒకదానిలోకి ఒకటి నొక్కి, అలాగే నిలబెట్టండి. మర్నాడు మెడ బయటివైపు, అతుకు మీదుగా 15 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వలయాన్ని చిక్కటి సిమెంట్‌తో తొడగండి. వలయం లోపలి వైపు పెట్టారంటే నురుగు పైకెక్కే దారి ఇరుకై స్కిమ్మర్ పనితీరే మారిపోతుంది.

విరగడానికి కారణం మాత్రం ఎండిపోయిన ఓ-రింగ్ (కప్పు కూర్చునే చోట ఉండే రబ్బరు వలయం). కప్పు తీసిన ప్రతిసారీ దానికి బియ్యపుగింజంత సిలికాన్ గ్రీజు రాయాలి. పెట్రోలియం జెల్లీ రాయకండి, ఓ-రింగుల్లో వాడే చాలా రబ్బర్లు దానికి ఉబ్బి ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. కప్పు రాకపోతే బలంతో మెలితిప్పడం మాని, అతుకు చుట్టూ గోరువెచ్చని నీళ్లు పోసి ఉప్పు కరిగేదాకా ఆగండి.

బాగుచేసిన స్కిమ్మర్ మొదటి కొన్ని రోజులు విపరీతంగా నురుగు పొంగించవచ్చు. అతుకు పాడయిందని కంగారు పడొద్దు. కప్పు ఎత్తు పెంచి, గాలి తగ్గించి నడిపితే క్రమంగా సర్దుకుంటుంది.

ప్రశ్న: అతుకు చుట్టూ సన్నటి వెండి గీతలు గుంపుగా వచ్చాయి. అతికించే ముందు శుభ్రంగా ఉంటుందని స్పిరిట్‌తో తుడిచాను. అది తప్పా?

జవాబు: గీతలకు కారణం అదే. అక్రిలిక్‌ని కోసినప్పుడు, వంచినప్పుడు, లేజర్‌తో కత్తిరించినప్పుడు, అంచును మంటతో మెరుగుపెట్టినప్పుడు లోపల ఒత్తిడి చిక్కుబడి ఉంటుంది. బయటికి కనిపించదు. ఆల్కహాల్, అసిటోన్, అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ తగలగానే ఆ ఒత్తిడి ఉన్నచోటల్లా సన్నటి బీటలుగా బయటపడుతుంది. సాల్వెంట్ సిమెంట్ కూడా ఇదే పని చేయగలదు, అందుకే లేజర్‌తో కోసిన అంచు అతికించగానే బీటలు తేలడం తరచూ చూస్తుంటాం.

వచ్చిన బీటలను పూడ్చే మందు లేదు. పైపైన ఉంటే తడి ఎమరీ కాగితంతో 400, 600, 800, 1000, 1500, 2000 వరుసలో రుద్ది పాలిష్ చేస్తే పోతాయి. ఒక్కో నంబరు దగ్గర కిందటి నంబరు గీతలన్నీ పోయాకే తర్వాతి దానికి వెళ్లాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే చివర పాలిష్‌లో ఆ గీతలన్నీ తేలతాయి. గోరు తగులుకునేంత లోతుగా ఉంటే, అదీ నీటి ఒత్తిడి పడే చోటైతే, ఆ ముక్క మార్చేయండి.

ఇకముందు అతికించే ముక్కలను సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది ఆరబెడితే చాలు. లేజర్ అంచు అయితే పదునైన బ్లేడు వెనక వీపుతో ఆ కాలిన పొరను గీకేసి అతికించండి. ఉష్ణోగ్రత అదుపులో ఉండే పొయ్యి అందుబాటులో ఉంటే, అతికించని ముక్కలను 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 6 మిల్లీమీటర్ల మందానికి మూడు నాలుగు గంటలు ఉంచి, పొయ్యి మూసే ఉంచి చల్లారనిస్తే ఒత్తిడి పోతుంది. అక్రిలిక్ 100 డిగ్రీలు దాటగానే మెత్తబడి వంగుతుంది. ఇళ్లలోని మామూలు ఓవెన్లు పెట్టిన ఉష్ణోగ్రతకు అటూ ఇటూ ఊగిసలాడతాయి కాబట్టి విడి థర్మామీటరు లేకుండా ఈ పనికి దిగవద్దు.

ప్రశ్న: ఎండిన అతుకు పాలలా తెల్లబడింది. బలం తగ్గినట్టేనా?

జవాబు: గాలిలో తేమ వల్ల వచ్చిన తెలుపు అది. సాల్వెంట్ వేగంగా ఆవిరవుతూ ఆ చోటును చల్లబరుస్తుంది, చల్లని చోట గాలిలోని తేమ నీరై అతుకులో కలుస్తుంది. పైపైన ఉంటే బలానికి పెద్ద లోటు లేదు, లోపలిదాకా ఉంటే ఉంది. వానపడుతున్న రోజున ఈ పని పెట్టుకోకండి. గది 20 నుంచి 27 డిగ్రీల మధ్య, పొడిగా ఉంటే మేలు.

ప్రశ్న: సంప్ గోడలో బల్క్‌హెడ్ (గోడ గుండా పైపు పోవడానికి రంధ్రంలో బిగించే అమరిక) చుట్టూ నక్షత్రంలా నాలుగు బీటలు వచ్చాయి. ఒకటి 2 సెంటీమీటర్లు ఉంది, మిగతావి చిన్నవి. బల్క్‌హెడ్ మార్చినా కారుతోంది.

జవాబు: చిన్నవి మాత్రమే ఉండి ఉంటే రంధ్రాన్ని పెద్దది చేసి, బీటలను పూర్తిగా కోసేసి, ఒక సైజు పెద్ద బల్క్‌హెడ్ పెట్టుకోమనేవాళ్లం. 2 సెంటీమీటర్ల బీట కోసం అంత పెద్ద రంధ్రం కుదరదు. కాబట్టి ముందు ఆ బీటల కొసల్లో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, పైన చెప్పినట్టే సాల్వెంట్ పీల్పించి ఆరనివ్వండి. తర్వాత 8 లేదా 10 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక ముక్కను, బీటల కొసలు దాటి ఇంకో 25 మిల్లీమీటర్లు వచ్చేలా కోసి, లోపలివైపు అతికించండి. ఇంత మందమైన ముక్కకు మధ్యలో కూడా అతుకు పడాలి, ఎందుకంటే రంధ్రం వచ్చేది మధ్యలోనే. రంధ్రం వచ్చే చోటు చుట్టూ చిక్కటి సిమెంట్ వలయంగా పోసి, ముక్కను ఒక అంచు నుంచి మెల్లగా వాల్చితే గాలి బయటికి పోతుంది. నాలుగు రోజులు ఆగి, పాత రంధ్రాన్నే దారిగా చేసుకుని కొత్త పలకలోనూ రంధ్రం వేయండి. గోడ ఇప్పుడు రెట్టింపు మందం కంటే ఎక్కువ. మీ బల్క్‌హెడ్ మరలు అంత మందానికి సరిపోతాయా అని ముందే కొలుచుకోండి.

హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపపు బిట్) తక్కువ వేగంలో, నీళ్లు చిలకరిస్తూ వాడాలి. వేడెక్కితే రంపపు పొడి కరిగి అంచుకు అంటుకుంటుంది, ఆ గరుకుల్లోంచే తర్వాత బీటలు పుడతాయి. సగం దాకా ఒకవైపు కోసి, మిగతాది అవతలివైపు నుంచి కోయగలిగితే అంచు చిట్లదు. అయ్యాక రంధ్రం లోపలి అంచును 400 నంబరు కాగితంతో నున్నగా చేయండి. దీనికి పది నిమిషాలు పడుతుంది. ఈ పది నిమిషాలు మిగుల్చుకున్నవాళ్ల దగ్గర్నుంచే మళ్లీ ఉత్తరాలు వస్తుంటాయి.

బల్క్‌హెడ్‌కు గాస్కెట్ (రబ్బరు వాషరు) ఒక్కటే, అదీ అంచు వెడల్పుగా ఉన్న ఫ్లాంజ్ వైపే. నట్టు వైపు వేస్తే తిప్పేటప్పుడు ముడతపడుతుంది. చేత్తో బిగించాక ఇంకో పావు చుట్టు చాలు. రెంచితో బలంగా తిప్పడమే మీ నక్షత్రానికి అసలు కారణమై ఉంటుంది. కొన ఇరుకయ్యే మరలున్న పైపును అక్రిలిక్‌లో నేరుగా బిగించడం కూడా అంతే ప్రమాదం, చుట్టు తిరిగేకొద్దీ అది గోడను చీలుస్తుంది. పైపుల బరువు బల్క్‌హెడ్ మీద వేలాడకుండా కింద ఆసరా పెట్టండి.

ప్రశ్న: చేపపిల్లల పెట్టె, ఫిల్టర్ డబ్బా కూడా పారదర్శకంగా ఉన్నాయి. అవీ అక్రిలిక్కేనా? ఎలా తెలుసుకోవాలి?

జవాబు: చాలావరకు కావు. ఒక లీటరు నీళ్లలో 150 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి, విరిగిన చిన్న ముక్క అందులో వేయండి. గాలి బుడగలు అంటుకోకుండా వేలితో తుడిచి ముంచండి. తేలితే పాలిస్టైరీన్ జాతికి చెందినది. మునిగితే అక్రిలిక్ గానీ పాలికార్బొనేట్ గానీ పీవీసీ గానీ కావచ్చు. మునిగిన సన్నటి ముక్కను వంచి చూడండి, అక్రిలిక్ అయితే టక్కున విరుగుతుంది, పాలికార్బొనేట్ వంగుతూ పోతుంది. మామూలు నీళ్లలోనే తేలిపోయే ముక్క అయితే పాలిప్రొపిలీన్ లేదా పాలిథీన్. దానికి ఏ సాల్వెంటూ పట్టదు, నైలాన్ స్క్రూలతోనో జిప్ టైలతోనో కుట్టినట్టు బిగించుకోవాలి. పాలిస్టైరీన్ పెట్టె మీద డైక్లోరోమీథేన్ ఒక చుక్క ఎక్కువైనా గోడే కరిగి కూలుతుంది, అక్కడ సన్నటి కుంచెతో అద్దడం తప్ప పోయడం వద్దు.

ప్రశ్న: ఈ సాల్వెంట్ల వాసన ప్రమాదమా? అక్వేరియం ఉన్న గదిలోనే పని చేయొచ్చా?

జవాబు: ఆ గదిలో వద్దు. గాలి పంపు ఆ ఆవిరిని పీల్చి నేరుగా నీళ్లలోకి బుడగలుగా పంపుతుంది. సంప్‌ని బయటికి తీసుకెళ్లి గాలి ఆడే వరండాలో చేయండి.

మీ సంగతికొస్తే, డైక్లోరోమీథేన్ 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కాబట్టి మూత తీసిన వెంటనే ఆవిరి మొదలవుతుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువైనది, మూసిన గదిలో నేల మట్టాన పేరుకుంటుంది. ఊపిరితో లోపలికి వెళ్లిన దానిలో కొంత భాగం ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ఈ పని దగ్గరికే రాకూడదు. దుమ్ము మాస్కు దీన్ని ఆపదు. రబ్బరు తొడుగులు, నైట్రైల్ తొడుగులు కూడా కొన్ని నిమిషాల్లోనే తడిని లోపలికి వదిలేస్తాయి, పడిన వెంటనే తీసి పారేయండి. చెంత మంట, వెలిగే సిగరెట్ ఉండకూడదు. ఆవిరి మంటలో పడితే విషవాయువులు పుడతాయి. పల్చటి సాల్వెంట్‌ను మామూలు ఇంజెక్షన్ సిరంజిలో ఎక్కువసేపు ఉంచకండి, లోపలి రబ్బరు ఉబ్బి ఇరుక్కుపోతుంది, బలంగా నొక్కితే ఒక్కసారిగా చిమ్ముతుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రశ్న: 120 సెంటీమీటర్ల పొడవు, 60 ఎత్తు ఉన్న అసలు అక్రిలిక్ ట్యాంకులోనే నిలువు అతుకులో బుడగల గీత కనిపిస్తోంది. పోయిన నెల కన్నా పొడవు పెరిగింది. లోపలి మూలలో చిక్కటి సిమెంట్ పట్టీ వేస్తే సరిపోతుందా?

జవాబు: పొడవు పెరిగింది అన్నారు కాబట్టి సరిపోదు. తయారీలోనే అతుకులో చెదురుమదురుగా చిక్కిన బుడగలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, వాటితో భయం లేదు. పెరుగుతున్న గీత అంటే అతుకు విడిపోతోందని. మీ ముందు పలక మీద నీటి నెట్టుడు దాదాపు 216 కిలోలు, ఇది మూల పట్టీతో ఆపే బరువు కాదు. ఈరోజే నీళ్లు సగానికి దించండి. నీటి ఎత్తు సగమైతే ఆ నెట్టుడు నాలుగో వంతుకు పడిపోతుంది. అది మీకు చేపలను మార్చడానికి వ్యవధినిస్తుంది. ఆ అతుకును కోసి, అంచులు యంత్రం మీద చదును చేసి, మళ్లీ అతికించగల పనివాళ్ల చేతికి ఇవ్వండి, లేదా ట్యాంకు మార్చండి. ఇంట్లో చేయదగిన పని కాదిది.

ప్రశ్న: ఓవర్‌ఫ్లో బాక్సు దంతాలు (నీళ్లు దిగే సందుల మధ్య పళ్లు) రెండు విరిగాయి. ముక్కలు దొరకలేదు.

జవాబు: ఒక్కొక్క దంతాన్నీ కోసి అతికించే ప్రయత్నం వద్దు, అంత చిన్న అతుకు నాచు గీకేటప్పుడు మళ్లీ ఊడుతుంది. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ పట్టీలో పాత దంతాల వెడల్పు, సందుల కొలతతోనే కొత్త వరుస కోయించి, విరిగిన చోటు రెండు పక్కలా కనీసం 20 మిల్లీమీటర్లు దాటేలా బాక్సు గోడ వెనక అతికించండి. సందులు పాత సందులతో సరిగ్గా కలవాలి. తేడా వస్తే నీళ్లు దిగే దారి తగ్గి, ట్యాంకు నీటిమట్టం పైకి లేస్తుంది. అతికించాక రిటర్న్ పంపు పూర్తి వేగంతో ఒక గంట నడిపి, మట్టం పాత గీత దగ్గరే నిలుస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే రాత్రికి వదిలేయండి.